చదివాకే నొక్కుదాం

సెల్‌ఫోను ఇప్పుడు చాలా ఇళ్లలో ఉంది. కరెంటు బిల్లు ఫోనులోనే కడుతున్నారు. బస్సు టికెట్టు ఫోనులోనే తీస్తున్నారు. చీరలు, గిన్నెలు కూడా ఫోనులోనే చూస్తున్నారు. ఇవన్నీ వెబ్‌సైట్లలో జరుగుతాయి. వెబ్‌సైటు అంటే ఇంటర్నెట్‌లో ఉండే దుకాణం లాంటిది, ఆఫీసు లాంటిది.

వెబ్‌సైటు తెరవగానే ఒక్కోసారి చీటీ లాంటిది అడ్డం వస్తుంది. "మేము కుకీలు వాడతాం. ఒప్పుకుంటారా?" అని అందులో ఉంటుంది.

కుకీ అంటే ఏమిటి?

ఇది తినే బిస్కెట్టు కాదు. బట్టలు ఉతికేవాళ్లు చీర అంచున గుర్తు వేస్తారు. ఆ గుర్తు చూసి అది ఏ ఇంటి చీరో చెబుతారు. కుకీ కూడా అలాంటి గుర్తే. వెబ్‌సైటు దాన్ని మన ఫోనులో దాచిపెడుతుంది. మళ్లీ వెళ్లినప్పుడు ఆ గుర్తు చూసి మన ఫోనును ఆనవాలు పడుతుంది. 1994లో అమెరికాలో లూ మోంటుల్లి అనే ఇంజనీరు దీన్ని తయారు చేశాడు.

మేలు ఏమిటి? చిక్కు ఏమిటి?

కొనాలని బుట్టలో వేసిన చీర అలాగే ఉంటుంది. ఇది మేలే.

కానీ ప్రకటనల కంపెనీలు కూడా కుకీలు పెడతాయి. ఒకచోట కుక్కరు చూస్తే, వార్తలు చదివే చోట కూడా కుక్కరు ప్రకటనే వస్తుంది. జబ్బు గురించి, గర్భం గురించి వెతికినా వాళ్ల లెక్కలోకి పోవచ్చు. ఇంట్లో కూడా చెప్పని మాట ముక్కూ మొహం తెలియని కంపెనీకి చేరుతుంది.

వేలిముద్ర లాంటిదే

ఒక అత్త ఫోనులో చీరలు చూస్తోంది. చీటీ అడ్డం వచ్చింది. వెంటనే నొక్కబోయింది.

"ఆగు అత్తా! ఏం రాశారో చదివావా?" అంది కోడలు.

"చదవడం ఎందుకే? రంగు బటన్ నొక్కితే పోతుందిగా!"

"చదువు రానప్పుడు షావుకారు చూపించిన చోట వేలిముద్ర వేశావు. ఇదీ అలాంటిదే కదా!"

అత్త ఆగింది. కూడబలుక్కుని చదివింది. కింద చిన్న అక్షరాల్లో 'వద్దు' అని ఉంది. అది నొక్కింది. చీటీ పోయింది. చీరలు ఎక్కడికీ పోలేదు.

చట్టం ఏమంటోంది?

కుకీ పెట్టే ముందు అడగాలని ఐరోపా దేశాలు 2009లో నియమం చేశాయి. మన దేశంలో 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. అవి దశలవారీగా అమలవుతాయి. ఒప్పుదల అడిగేవాళ్లు మన వివరాలు ఏం తీసుకుంటారో, ఎందుకో చెప్పాలి. ఆ నోటీసును ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగంలోని 22 భాషల్లో ఏ భాషలో గానీ చదివే వీలు ఇవ్వాలి. అందులో తెలుగు ఉంది. ఇచ్చిన ఒప్పుదలను వెనక్కి తీసుకోవచ్చు.

గుర్తుంచుకోండి

• 'వద్దు', 'అవసరమైనవి మాత్రమే' అనే మాటల కోసం వెతకండి.
• పాత కుకీలను ఫోను సెట్టింగుల్లో తుడిచేయవచ్చు.
• ఇతరుల ఫోను వాడితే, పని కాగానే లాగౌట్ చేయండి.

మాట్లాడుకోండి

1. కుకీని దేనితో పోల్చారు?
2. చదవకుండా బటన్ నొక్కితే ఏమవుతుంది?
3. మీ ఫోనులో ఇలాంటి చీటీ వచ్చిందా? అందరూ కలిసి చదవండి.