కొవ్వా, నీరా: మెడికల్ ఇమేజింగ్ చదువూ కొలువూ

ఇంటర్ బైపీసీ చదివినవారిలో చాలామంది మెడికల్ ఇమేజింగ్ టెక్నాలజీని నీట్‌లో సీటు రానప్పుడు దొరికే ఆసరాగానే చూస్తారు. మీట నొక్కితే చిత్రం దానంతటదే వస్తుందనీ, దాన్ని చదవడం రేడియాలజిస్టు పని కనుక టెక్నాలజిస్టుకు మిగిలేది రోగిని బల్ల మీద పడుకోబెట్టడమేననీ ఒక అభిప్రాయం పాతుకుపోయింది. ఆ అభిప్రాయం ఎంత పొరపాటో తెలియడానికి చీలమండ టెండన్ల చుట్టూ అరుదుగా పెరిగే ఒక కొవ్వు గడ్డను పరిశీలిస్తే చాలు.

కండరాన్ని ఎముకకు బిగించే తాడు వంటి కణజాలమే టెండన్. పాఠ్యపుస్తకాలు దీన్ని స్నాయుబంధనం అంటాయి, జనం నోట మాత్రం ఇదీ ‘నరమే’. చీలమండ దగ్గర టెండన్లు ఎముకను ఒరుసుకుంటూ మలుపు తిరుగుతాయి కనుక, రాపిడి తగలకుండా వాటిని ఒక పలుచని ఒర కప్పి ఉంచుతుంది. కీళ్ల లోపలా, ఈ ఒర లోపలా ఉండే పొరకు సైనోవియం అని పేరు. కొందరిలో ఈ పొర కింద కొవ్వు కణాలు పేరుకుని, పొర ఆకుల్లా, వేళ్లలా కొనలు చాస్తుంది. చెట్టు కొమ్మలను తలపించే ఆ రూపాన్ని బట్టే దీన్ని లైపోమా ఆర్బొరెసెన్స్ అన్నారు. ఇది క్యాన్సర్ కాదు. ఎక్కువగా మోకాటిలో, చిప్ప పైనున్న సంచిలో కనిపించే ఈ పెరుగుదల చీలమండలో, టెండన్ ఒరల్లో రావడం బహు అరుదు. ఒరలో ముద్దగా పెరిగే మామూలు లైపోమా మరో రకం. నెమ్మదిగా పెరిగే వాపు, అప్పుడప్పుడు నీరు చేరడం లైపోమా ఆర్బొరెసెన్స్ లక్షణాలు. ఇవి కీళ్లవాతంలోనూ ఉంటాయి కనుక చేత్తో తడిమి తేల్చడం కష్టం.

ఎక్స్‌రేలో మెత్తని వాపు తప్ప మరేమీ తెలియదు. సీటీలో కొవ్వు సాంద్రత నీటికంటే తక్కువగా, సున్నాకు దిగువన నమోదవుతుంది. అల్ట్రాసౌండ్‌లో, ప్రోబును మెల్లగా నొక్కి వదిలినప్పుడు నీటిలో నాచులా ఊగే కొనలు కనిపిస్తాయి, అయితే మన దేశంలో ప్రోబు పట్టేది ఎక్కువగా వైద్యులే. టెక్నాలజిస్టు నైపుణ్యం నిజంగా బయటపడేది ఎంఆర్ఐ గదిలో.

ఎంఆర్ఐలో ఒకే భాగాన్ని వేర్వేరు అమరికలతో తీస్తారు, ఒక్కో అమరికను సీక్వెన్స్ అంటారు. టీ1 సీక్వెన్స్‌లో కొవ్వు తెల్లగా, నీరు నల్లగా కనిపిస్తాయి. కొవ్వు సంకేతాన్ని అణచివేసే ఫ్యాట్ సప్రెషన్ సీక్వెన్స్‌లో అదే కొవ్వు నల్లబడి, చుట్టూ ఉన్న నీరు తెల్లగా నిలుస్తుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టినప్పుడే నిర్ధారణకు బలం వస్తుంది. సమయం మిగుల్చుకోవాలని అణచివేత చిత్రాలు మాత్రమే తీస్తే, ఆ నలుపు కొవ్వుదో, సైనోవియంలో రక్తపు ఇనుము పేరుకునే టెనోసైనోవియల్ జెయంట్ సెల్ ట్యూమర్‌దో తేలదు. ఇనుము నలుపు టీ1లోనూ చాలావరకు నలుపే, కొవ్వు అక్కడ తెల్లగా బయటపడుతుంది. పైగా చీలమండ వంకరటింకర ఆకారం వల్ల అయస్కాంత క్షేత్రం అంతటా సమంగా పరుచుకోక కొవ్వు అక్కడక్కడా అణగకుండా మిగిలిపోతుంది. అది గమనించి స్టిర్ లేదా డిక్సన్ పద్ధతికి మారడం యంత్రం చేసే పని కాదు.

ఇంకో చిక్కు మ్యాజిక్ యాంగిల్. టెండన్ నారలు ప్రధాన అయస్కాంత క్షేత్రానికి సుమారు 55 డిగ్రీల కోణంలో ఉన్నప్పుడు, సంకేతాన్ని పట్టడానికి యంత్రం ఆగే వ్యవధి తక్కువగా ఉంటే, నల్లగా ఉండవలసిన ఆరోగ్యవంతమైన టెండన్ తెల్లగా కనిపించి జబ్బు ఉన్నట్టు భ్రమ కలిగిస్తుంది. పాదాన్ని కాస్త కిందికి వంచి ఉంచితే, లేదా ఆ వ్యవధి పెంచితే భ్రమ తొలగుతుంది. బైపీసీలో ఫిజిక్స్‌ను గట్టెక్కితే చాలనుకున్నవారికి ఇక్కడ ఇబ్బంది తప్పదు.

తెలంగాణలో ఈ రంగానికి రెండు దారులున్నాయి: పారామెడికల్ బోర్డు పరిధిలోని రెండేళ్ల డిప్లొమా ఒకటి, ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు పట్టే డిగ్రీ మరొకటి; స్తోమత ఉంటే డిగ్రీయే మేలు. వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం అనుబంధం ఉందో లేదో చేరేముందే చూసుకోవాలి, ఎందుకంటే 2021 జాతీయ అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఇమేజింగ్ టెక్నాలజిస్టులనూ గుర్తింపు, రిజిస్ట్రేషన్ పరిధిలోకి తెచ్చింది. మేడ్చల్ దగ్గర ఘన్‌పూర్‌లో 2002లో మొదలైన మెడిసిటీ వైద్య కళాశాల ఉంది. బోధనాసుపత్రిలో కేసుల వైవిధ్యం ఎక్కువ కనుక చిన్న స్కానింగ్ సెంటర్‌కన్నా అటువంటి చోట శిక్షణ ఉపయోగకరం. శామీర్‌పేట పక్కనే జీనోమ్ వ్యాలీ ఉంది కదా, అక్కడే ఉద్యోగం దొరుకుతుందని కొందరు ఆశపడతారు గానీ, అది ప్రధానంగా టీకాలు, ఔషధ పరిశోధనల చోటు. ఇమేజింగ్ కొలువులు ఆసుపత్రుల్లో, డయాగ్నస్టిక్ కేంద్రాల్లో ఉంటాయి.

ఎక్స్‌రే, సీటీ విభాగాల్లో పనిచేసేవారు అణుశక్తి నియంత్రణ మండలి నిబంధన ప్రకారం, ఒంటికి తగిలే వికిరణాన్ని కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జీ ధరించాలి. ఆ మోతాదు ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనైనా 30 దాటకూడదు. ఎంఆర్ఐలో ఆ వికిరణం లేదు, కానీ అయస్కాంతం రాత్రింబవళ్లు పనిలోనే ఉంటుంది కనుక ఆక్సిజన్ సిలిండర్‌ను లోపలికి రానివ్వకుండా వాకిట్లోనే ఆపవలసింది టెక్నాలజిస్టే.

ఇంటర్న్‌షిప్‌లో అరుదైన కేసు తటస్థపడిన రోజు పాదం ఏ కోణంలో ఉంచారో, ఏ సీక్వెన్స్‌లో కొవ్వు అణగలేదో, రేడియాలజిస్టు మళ్లీ ఏ చిత్రం అడిగారో, రోగి వివరాలు లేకుండా, ఒక నోటుపుస్తకంలో రాసుకున్న విద్యార్థికి చీలమండ స్కాన్ ఎలా తీస్తావని ఇంటర్వ్యూలో అడిగినప్పుడు తడుముకోవలసిన అవసరం రాదు.