సుగ్గి బాట

పాఠ్యభాగ పరిచయం

బ్రతుకుతెరువు కోసం మనిషి ఒక చోటు విడిచి మరొక చోటికి వెళ్లడాన్ని వలస అంటారు. వలసలకు, వాతావరణంలో వస్తున్న మార్పులకు, మనిషికి తన ఊరితో గల అనుబంధానికి మధ్యనున్న సంబంధాన్ని సామాజిక శాస్త్ర పరిశోధకులు ఏ విధంగా పరిశీలిస్తారో ఈ వ్యాసం వివరిస్తుంది. గుంటూరు జిల్లాలోని ప్రత్తిపాడు ప్రాంతం ఈ చర్చకు ఆధారభూమి.

పాఠం

పేరులోనే ప్రత్తిని నిలుపుకొన్న ఊరు ప్రత్తిపాడు. ఇక్కడి నల్లరేగడి నేలలలో ప్రత్తి, మిరప ప్రధాన పంటలు. మిరపకాయలన్నీ ఒక్కసారిగా పండవు. పండిన కాయను పండినట్లు చేతితో కోయాలి, కళ్లంలో ఆరబోయాలి, తాలుకాయను ఏరివేయాలి, బస్తాలకెత్తి గుంటూరు మిర్చి యార్డుకు చేర్చాలి. సంక్రాంతి పోయిన తరువాత ఈ పనులన్నీ ఒక్కుమ్మడిగా వచ్చిపడతాయి. అప్పుడు ఊరిలోని కూలీలు చాలరు. కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతంలోని ఆదోని, కోసిగి, మంత్రాలయం పరిసరాల నుండి మూడు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి కూలీల కుటుంబాలు గుంటూరు సీమకు వస్తాయి. పొలాల గట్ల మీద, ఊరి వెలుపలి ఖాళీ స్థలాలలో టార్పాలిన్ గుడారాలు వెలుస్తాయి. ఈ రాకను వారు తమ మాటలో ‘సుగ్గికి పోవడం’ అంటారు. కన్నడంలో సుగ్గి అంటే పంటకోతల కాలం. అక్కడ పండుగను సూచించే ఆ మాట, సరిహద్దు పల్లెలలో వలసకు మారుపేరైంది. ఒక మాట మారిన తీరులో ఒక ప్రాంతం చరిత్ర దాగి ఉంటుందని గుర్తించడమే పరిశోధకునికి తొలి పాఠం.

వలసను అధ్యయనం చేసేవారికి మొదట ఎదురయ్యే ప్రశ్న లెక్కకు సంబంధించినది. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో దాదాపు 45 కోట్ల మంది వలసదారులు ఉన్నారు. వివాహం వలన అత్తవారింటికి వెళ్లిన స్త్రీలే వీరిలో అత్యధికులు. పుట్టిన చోటును, ఇంతకు ముందు నివసించిన చోటును అడిగి వేసిన లెక్క ఇది. మూడు నెలలు కోతలకు వెళ్లి ఉగాది నాటికి ఇల్లు చేరే కూలీ ఇందులో కనిపించడు. ఈ లోపాన్ని సవరించుకోవడానికే జాతీయ నమూనా సర్వే సంస్థ 2007-08లో జరిపిన సర్వేలో, ఉపాధి కోసం ఏడాదిలో ఒక నెలకు తగ్గకుండా, ఆరు నెలలకు మించకుండా ఊరు విడిచి వెళ్లినవారిని స్వల్పకాలిక వలసదారులుగా ప్రత్యేకంగా నమోదు చేసింది. వలసదారులలో ఎక్కువమంది దగ్గరి ప్రాంతాలకే వెళ్తారని రావెన్‌స్టీన్ అనే భూగోళ శాస్త్రవేత్త 1885లోనే సూత్రీకరించాడు. విమానం ఎక్కే వలస మన కంటికి పెద్దదిగా కనిపించినా, లారీలలో, రైళ్లలో సాగే వలసయే సంఖ్యలో పెద్దది.

రెండవ ప్రశ్న కారణానికి సంబంధించినది. వాన కురవలేదు కనుక వలస వచ్చారని చెప్పడం సులభం. 1985లో ఐక్యరాజ్య సమితి పర్యావరణ కార్యక్రమం కోసం ఎస్సామ్ ఎల్-హిన్నావీ రచించిన నివేదికతో ‘పర్యావరణ శరణార్థులు’ అన్న మాట ప్రచారంలోకి వచ్చింది. వాతావరణ మార్పుల వలన 2050 నాటికి ఆరు ప్రాంతాలలో కలిపి 21.6 కోట్ల మంది తమ దేశాలలోనే చోటు మారవలసి రావచ్చునని 2021లో ప్రపంచ బ్యాంకు నివేదిక అంచనా వేసింది. అయితే ఒకే ఊరిలో, ఒకే కరువులో ఒక కుటుంబం కదలి, మరొక కుటుంబం కదలకుండా ఉండడానికి కారణమేమి? బోరుబావి ఉన్న రైతు నిలబడగలడు. అప్పు తీర్చవలసిన వాడు, మేస్త్రీ వద్ద ముందుగా డబ్బు తీసుకొన్న వాడు బయలుదేరక తప్పదు. నడవలేని వృద్ధులు, వారిని కనిపెట్టుకొని ఉండవలసినవారు వెళ్లదలచినా వెళ్లలేరు. పర్యావరణం ఒంటరిగా పనిచేయదనీ, ఆర్థిక, సామాజిక, రాజకీయ కారణాలతో కలిసి పనిచేస్తుందనీ 2011లో బ్రిటిష్ ప్రభుత్వం వెలువరించిన ‘ఫోర్‌సైట్’ నివేదిక స్పష్టం చేసింది. కదలలేక చిక్కుకుపోయినవారే ఎక్కువ ప్రమాదంలో ఉండవచ్చునని కూడా అది హెచ్చరించింది. కనుక వలస వచ్చినవారితో మాత్రమే మాట్లాడిన పరిశోధన సగం పరిశోధనే. తాళం వేసిన ఇంటి అరుగు మీద మిగిలిన అవ్వను కూడా పలకరించాలి.

వాతావరణం వలసదారుని స్వగ్రామంలోనే విడిచిపెట్టదు. చేరిన చోట కూడా వెంటాడుతుంది. 2021-22లో నల్ల తామరపురుగు ఉభయ తెలుగు రాష్ట్రాలలోని మిరప తోటలను తీవ్రంగా దెబ్బతీసింది. 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపంలో తీరం దాటిన మిగ్‌జాం తుపాను కోస్తాలో చేతికందిన పంటలను నీటముంచింది. రైతు నష్టం పత్రికలలో కనిపిస్తుంది. ఆ తోటలో కోత దొరకని కూలీ నష్టం ఏ పట్టికలోనూ చేరదు. తన ఊరిలో వాన లేక, వచ్చిన ఊరిలో వాన ఎక్కువై, అతడు రెండు విధాల నష్టపోతాడు.

అట్లని ప్రతి వలసా దుఃఖగాథే అని నిర్ణయించుకోవడం కూడా తగదు. ఆంధ్రప్రదేశ్, మధ్యప్రదేశ్ గ్రామాలను అధ్యయనం చేసి ప్రియా దేశింగ్కర్, డానియెల్ స్టార్ట్ 2003లో వెలువరించిన పత్రం, కొందరికి వలస ప్రాణరక్షణ మార్గమైతే మరికొందరికి నాలుగు రూపాయలు కూడబెట్టుకొనే మార్గమని చూపింది. కులం, నైపుణ్యం, పరిచయాలు ఈ తేడాకు మూలమని వివరించింది. ఈ దృష్టితో అడిగితే, సుగ్గి సొమ్ముతో అప్పు తీర్చినవారు, ఇల్లు కట్టినవారు, ఏమీ మిగలనివారు ఒకే గుడారాల వరుసలో కనిపిస్తారు.

గుంటూరు సీమ వారికి కూడా వలస క్రొత్త కాదు. 1832-33 నాటి నందన కరువు ఈ జిల్లాను కకావికలు చేసింది. కృష్ణా ఆనకట్ట 1855లో పూర్తయి డెల్టా పచ్చబడింది. 1953లో తుంగభద్ర జలాశయం నిండిన తరువాత కోస్తా జిల్లాల రైతులు కర్ణాటకలోని గంగావతి, సింధనూరు, సిరుగుప్ప ప్రాంతాలకు తరలి భూములు కొని సాగుచేశారు. వారు నెలకొల్పిన పల్లెలను నేటికీ ‘క్యాంపు’లనే పిలుస్తారు. ఇంట తెలుగు, వీధిలో కన్నడం మాట్లాడే మనుమల తరం ఏ ఊరిది? అనంతర కాలంలో చదువుకొన్న యువకులు అమెరికాకు వెళ్లారు. కోస్తా రైతు కుటుంబాలు వ్యాపారాలలోకి, నగరాలలోకి విస్తరించిన తీరును కెరోల్ ఉపాధ్య 1988లో విశ్లేషించగా, విదేశాలలోని గుంటూరు వారు స్వస్థలాలకు పంపే విరాళాలను సనమ్ రూహీ తమ పరిశోధనకు విషయంగా స్వీకరించారు.

ఇక్కడే మూడవ ప్రశ్న, అన్నింటికంటే కఠినమైన ప్రశ్న ఎదురవుతుంది. ఊరు ఎవరిది? సముద్రాల ఆవల స్థిరపడిన వ్యక్తి కొన్నేళ్లకొకసారి వస్తాడు. అతడి పేరు బడి గోడ మీద శిలాఫలకంపై ఉంటుంది. అతడిని ఊరివాడనే అందరూ అంటారు. ఏటేటా మూడు నెలలు అదే ఊరి మిరప కోసే స్త్రీకి ఆ నేల ప్రతి చాలూ తెలుసు. ఘాటుకు మండిన ఆమె చేతుల మీదుగానే ఊరి సంపద గడప దాటుతుంది. ఆమె పేరు మాత్రం ఊరిలో ఎవరికీ తెలియదు. ‘కర్నూలు కూలీలు’ అన్న రెండు మాటలలో ఆమె కలిసిపోతుంది. స్వగ్రామంలో గ్రామసభ జరిగే వేళ ఆమె ఇక్కడ ఉంటుంది. ఇక్కడి గ్రామసభలో ఆమెకు చోటు లేదు. రెండు ఊళ్లకు శ్రమను ఇచ్చి ఏ ఊరిలోనూ మాట చెల్లని స్థితి ఇది.

ఈ స్థితిని మార్చే ప్రయత్నాలు కొన్ని జరిగాయి. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం ప్రారంభమైంది. 2019లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య రేషన్ కార్డును ఎక్కడైనా వినియోగించుకొనే సౌకర్యం ప్రయోగాత్మకంగా మొదలైంది. తల్లిదండ్రులు సుగ్గికి వెళ్లినప్పుడు పిల్లల చదువు ఆగకుండా సీజనల్ హాస్టళ్లను నడిపారు. బియ్యం మనిషి వెంట నడవగలిగినప్పుడు బడి, వైద్యం, గౌరవం ఎందుకు నడవరాదు? సమాజం ఆలోచించవలసిన విషయమిది.

పరిశోధకుడు తీర్పరి కాడు. వినడం అతని పని. రెండు ఊళ్లలోనూ నివసించి, వానల లెక్కను, అప్పుల లెక్కను, మనసులోని మాటను ఒకచోట చేర్చి చూడడం అతని విధి. ఈ పనికి విశ్వవిద్యాలయం దాకా వేచి ఉండనక్కరలేదు. తాతలు ఎక్కడి నుండి వచ్చారు, ఎందుకు వచ్చారు, ఈ ఊరు వారిని ఎప్పుడు తనవారిగా ఒప్పుకొన్నది అని విద్యార్థులు తమ ఇంట అడిగి తెలుసుకొంటే చాలు. వచ్చినవారే కొన్ని తరాలకు ఊరివారవుతారని గ్రహించినవాడు, నేడు వచ్చినవారిని పరాయివారని అనలేడు.

ప్రశ్నలు

1. ‘సుగ్గి’ అన్న మాట అర్థంలో వచ్చిన మార్పును తెలపండి.
2. జనాభా లెక్కలలో స్వల్పకాలిక వలస ఎందుకు కనిపించదు?
3. వలసకు వాతావరణం ఒక్కటే కారణం కాదని వ్యాసకర్త ఎట్లా నిరూపించారు?
4. ‘ఊరు ఎవరిది?’ అన్న ప్రశ్నకు మీ ఊరి అనుభవంతో సమాధానం వ్రాయండి.