శాతం ఒక్కటే చూడకండి: తెల్లకణాల రిపోర్టు చదవడం ఎలా?

నేను పెథాలజిస్టుని, మావారు మన బ్యాంకు ఉద్యోగి. ఏటా హెల్త్ చెకప్‌లు మొదలయ్యాయంటే చాలు, తెలిసినవాళ్ల ఇళ్ల నుంచి నా ఫోనుకు సీబీపీ రిపోర్టులు వస్తుంటాయి. అందరిదీ ఒకటే ప్రశ్న: "తెల్లకణాల దగ్గర ‘హెచ్’ అని వేశారు, ప్రమాదమా?"

రిపోర్టులో చూడాల్సినవి రెండు. మొదటిది తెల్లకణాల మొత్తం సంఖ్య. పెద్దవారిలో మైక్రోలీటరు రక్తానికి ఇది సుమారు 4,000 నుంచి 11,000 వరకు ఉంటుంది. చిన్నపిల్లలకు, గర్భిణులకు హద్దులు వేరు. రెండోది ఆ మొత్తంలో న్యూట్రోఫిల్స్, లింఫోసైట్స్, మోనోసైట్స్, ఇసినోఫిల్స్, బేసోఫిల్స్ అనే ఐదు రకాల వాటా, శాతాల్లో.

అసలు ఎంతో తెలియకుండా ఏడు శాతం వడ్డీ ఎన్ని రూపాయలో చెప్పలేం కదా! ఇక్కడా అంతే. మొత్తాన్ని శాతంతో హెచ్చించి 100తో భాగిస్తే ఆ రకం కణాలు నిజంగా ఎన్ని ఉన్నాయో తెలుస్తుంది.

ఉదాహరణ 1: మొత్తం 5,000, ఇసినోఫిల్స్ 8 శాతం. సాధారణ హద్దు 6 శాతం కాబట్టి ‘హెచ్’ పడుతుంది. కానీ లెక్క వేస్తే 400. ఇది 500 లోపే, కంగారు అక్కర్లేదు.

ఉదాహరణ 2: మొత్తం 2,400, న్యూట్రోఫిల్స్ 50 శాతం. శాతం మామూలుగానే ఉంది. కానీ లెక్క 1,200 మాత్రమే, 1,500 కంటే తక్కువ. డాక్టరుకు చూపించాల్సింది ఈ రిపోర్టు.

బాక్టీరియా ఇన్ఫెక్షన్లు, స్టెరాయిడ్ మందులు, పొగతాగడం న్యూట్రోఫిల్స్‌ను పెంచుతాయి. ఆస్తమా, అలర్జీ, కడుపులో నులిపురుగులు ఇసినోఫిల్స్‌ను పెంచుతాయి. డెంగీ, టైఫాయిడ్‌లలో మొత్తం తగ్గడం తరచుగా చూస్తుంటాం. అంటే 12,000 అంకె చూసి మందుల షాపులో యాంటీబయాటిక్ కొనడం సరికాదు. జబ్బు తగ్గాక పరీక్ష మళ్లీ చేయిస్తే చాలాసార్లు అంకె దానంతటదే సర్దుకుంటుంది.

ఆలస్యం చేయకూడని సందర్భాలు ఇవి:

• రిపోర్టులో ‘బ్లాస్ట్’ కణాలు కనిపించాయని రాసి ఉంటే.
• సంఖ్య పరీక్ష పరీక్షకూ పెరుగుతుంటే. దానికి తోడు బరువు తగ్గడం, రాత్రి చెమటలు, మెడలో గడ్డలు, చిగుళ్ల నుంచి రక్తం ఉంటే.
• న్యూట్రోఫిల్స్ 500 లోపు ఉండి జ్వరం వస్తే. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.
• థైరాయిడ్ ఎక్కువగా ఉండి కార్బిమజోల్ వాడుతున్నవారికి జ్వరం, గొంతు నొప్పి వస్తే. తర్వాతి మాత్ర వేసుకోకుండా వెంటనే డాక్టరును సంప్రదించి, ఆ రోజే సీబీపీ చేయించుకోవాలి.

చివరిగా ఒక సలహా. పాస్‌బుక్కులు దాచినట్టే పాత రిపోర్టులన్నీ తేదీల వారీగా ఒకే ఫైల్లో పెట్టుకోండి. ఒక్క అంకె కంటే, మూడు నాలుగేళ్ల అంకెలు పక్కపక్కన ఉంటేనే డాక్టరు సరిగా అంచనా వేయగలరు.