ఔషధ దోషము – న్యాయమార్గము
మందు మోతాదు తప్పి హాని పొందిన రోగి సాధారణముగా ఆశ్రయించునది వినియోగదారుల కమిషనునే. ఏలయన, రుసుము గైకొని చేయు వైద్యము ‘సేవ’యే యగునని సుప్రీంకోర్టు 1995లో వి.పి. శాంత కేసున నిర్ణయించినది. ఎల్లరకును ఉచితముగా చికిత్స చేయు ఆసుపత్రులు దీని పరిధిలోనికి రావు. మోతాదు దోషమునకు ఒక ఉదాహరణము. 1998లో కలకత్తాలో ఒంటిపై దద్దుర్లతో వచ్చిన యువతికి, దీర్ఘకాలము పనిచేయు డెపో-మెడ్రాల్ ఇంజెక్షనును 80 మిల్లీగ్రాముల చొప్పున దినమునకు రెండుమారులు ఇయ్యవలెనని వైద్యుడు వ్రాయగా, కొన్ని వారములకే ఆమె మరణించినది. భర్త ఏండ్ల తరబడి వ్యాజ్యము నడపగా, 2013లో సుప్రీంకోర్టు సుమారు 5.96 కోట్ల రూపాయల పరిహారము విధించినది. నేరాభియోగమునకు మాత్రము ఘోర నిర్లక్ష్యము రుజువు కావలెనని 2005 నాటి జేకబ్ మాథ్యూ తీర్పు. 2019 వినియోగదారుల రక్షణ చట్టము 69వ సెక్షను ప్రకారము ఫిర్యాదుకు గడువు 2 సంవత్సరములు. తగిన కారణము చూపినచో కమిషను జాప్యమును మన్నింపవచ్చును.