గడ్డి ఇల్లు, నాచు కాపురం

వాడపల్లి

మనుమరాలికి,

సముద్రపు గడ్డి, సముద్రపు నాచు ఒకటేనా అని అడిగావు. కాదు బిడ్డా. గడ్డికి వేరుంది, పువ్వుంది, గింజ ఉంది. నాచుకు ఈ మూడూ లేవు. మన చెరువుల్లో అల్లుకునే హైడ్రిల్లా, పులికాట్ సరస్సు అడుగున మొలిచే హాలోఫిలా ఒకే కుటుంబం మొక్కలు. కాబట్టి సముద్రపు గడ్డి నీకు పరాయిది కాదు.

చాలా నాచులు నిలవాలంటే రాయో గవ్వో దొరకాలి. ఉత్త ఇసుకలో పట్టు చిక్కదు. అక్కడ గడ్డి మొలిచిందా, ప్రతి ఆకూ వాటికి గోడవుతుంది. సన్నని ఎర్ర నాచులు, పచ్చని పోగులు, సున్నపు పూతలా అంటుకునేవి ఆకుల మీదే కాపురం పెడతాయి. అయితే ఆకు ఎన్నాళ్లో ఉండదు, రాలిపోతుంది. అందుకే త్వరగా ఎదిగే నాచులకే అక్కడ చోటు. గడ్డి నీటి జోరు తగ్గిస్తుంది కనుక కొట్టుకొచ్చిన నాచు ముద్దలు మొదళ్లలో చిక్కుకుంటాయి. గడ్డి దట్టమైతే నీడ కమ్మి, అడుగున నాచు పలచబడుతుంది. ఆకుల మీది నాచును గీరి తినే నత్తలకూ ఆ గడ్డే గూడు. ఇల్లు ఇచ్చేదీ, హద్దు గీసేదీ గడ్డే.

ఆ హద్దు ఎప్పుడు చెరుగుతుంది? గడ్డి వేళ్లతో బురదలోంచి కూడా పోషకాలు తీసుకుంటుంది. దాని ఆకుల మీది నాచు మాత్రం నీటిలో కరిగినవాటినే ఒళ్లంతా పీలుస్తుంది. నీరు తేటగా ఉంటే గడ్డిది పైచేయి. మురుగు, ఎరువులు కలిస్తే నాచు బలిసి, ఆకుకు ఎండ అందకుండా కప్పేస్తుంది. గడ్డి చచ్చాక, దాన్ని పట్టుకున్న నాచుకూ నిలువ నీడ ఉండదు.

2022లో తమిళనాడు పాక్ అఖాతం తీరాన 448 చదరపు కిలోమీటర్లను సముద్రపు ఆవుల కోసం రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. ఆ జీవి మేసేది ఈ గడ్డినే. మంచి పనే. కానీ గడ్డి బతకాలంటే, ఒడ్డు నుంచి వచ్చే నీరూ బాగుండాలి.

ఆ నీటి సంగతి మన ఊరికి తెలుసు. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ హైదరాబాదు మురుగు మోసుకొచ్చి ఇక్కడే కృష్ణలో కలుస్తుంది. సెలవులకు రా. సంగమానికి ఎగువన కృష్ణ నీళ్లు ఒక సీసాలో, మూసీ నీళ్లు ఇంకో సీసాలో పడదాం. రెండింటిలో ఒక్కో హైడ్రిల్లా కొమ్మ వేసి, ఒకే కిటికీలో మూడు వారాలు ఉంచుదాం. ఏ ఆకు మీద నాచు ఎంత పట్టిందో రోజూ నువ్వే రాసిపెట్టు. మూసీ నీళ్లు ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవడం మరవకు.

నీ తాత