కారును కిందికి దించాలా? – ఒక స్ప్రింగు పాఠం



పదో తరగతి దాకా నేనూ మీలాగే ఈ హాస్టల్‌లో ఉండి చదువుకున్నవాణ్ణే. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాణ్ణి నేను. ఇప్పుడు ఎం.ఎస్సీ. భౌతికశాస్త్రం చదువుతున్నాను. వార్షికోత్సవ సంచికకు ఒక పాఠం రాయమన్నప్పుడు, ఒక రోజు నేను చెప్పాల్సి ఉండీ చెప్పలేకపోయిన పాఠమే గుర్తుకొచ్చింది.

మా పెద్దనాయిన కొడుకు అప్పు చేసి ఒక పాత ట్యాక్సీ కారు కొన్నాడు. చేర్యాల నుంచి జనగామకు, సిద్దిపేటకు, జాతర రోజుల్లో కొమురవెల్లి మల్లన్న దగ్గరకు కిరాయికి నడుపుతాడు. ఫోన్‌లో వీడియోలు చూసి కారును కిందికి దింపించాలని మోజు పడ్డాడు. "తమ్మీ, నువ్వు ఫిజిక్స్ చదువుతున్నవ్ గదా. కారు కిందికి దించితే మలుపుల్లో రోడ్డును గట్టిగ పట్టుకుంటదట. నిజమేనా?" అని నన్ను అడిగాడు. "ఏమో అన్నా, కార్ల సంగతి నాకు తెల్వదు" అన్నాను.

అన్న ఒక మెకానిక్ దగ్గర నాలుగు స్ప్రింగులూ ఒక్కో చుట్టు కోయించాడు. పదిహేను రోజులకు, ఐదుగురు మనుషులతో రాత్రి పూట వస్తుంటే ఒక స్పీడ్‌బ్రేకర్ మీద ఆయిల్ ఛాంబర్ పగిలింది. ఆయిల్ కారిపోయింది. చూసుకునేలోపు ఇంజన్ పట్టేసింది. మూడు నెలల కిస్తీల డబ్బు రిపేరుకే పోయింది. అన్న నన్ను ఒక్క మాట కూడా అనలేదు. కానీ అతను అడిగింది ఇంటర్మీడియెట్ పుస్తకంలో ఉన్న ప్రశ్నేనని నాకు తర్వాత అర్థమైంది. ఆ జవాబును ఇప్పుడు వరుసగా చూద్దాం.

1. దించితే లాభం ఉందా?

ఉంది. గడ్డి ఎత్తుగా వేసిన ఎడ్లబండి మలుపులో ఒరుగుతుంది, ఖాళీ బండి ఒరగదు. గరిమనాభి ఎంత కిందికి ఉంటే వాహనం అంత స్థిరంగా ఉంటుందని మనం చదువుకున్నదే.

కారు మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రాల మీది బరువు కొంత బయటి చక్రాల మీదికి మారుతుంది. పాఠ్యపుస్తకం ప్రకారం ఘర్షణ బలం భారానికి అనులోమానుపాతంలో ఉంటుంది కనుక, ఇటు తగ్గింది అటు పెరిగి సరిపోవాలి. కానీ టైరు రబ్బరు ఆ సూత్రాన్ని పూర్తిగా పాటించదు. భారం రెట్టింపైతే పట్టు రెట్టింపు కాదు, అంతకంటే తక్కువే పెరుగుతుంది. అందుకే బరువు ఎంత తక్కువ మారితే మొత్తం పట్టు అంత బాగుంటుంది. రేసు కార్లు తయారుచేసేవాళ్లు గరిమనాభిని కిందికి తేవడానికి తంటాలు పడేది ఇందుకే.

2. ఆ లాభం ఎంత?

మనుషులతో కలిపి కారు బరువు 1200 కి.గ్రా., గరిమనాభి ఎత్తు 55 సెం.మీ., ఎడమ కుడి చక్రాల మధ్య దూరం 145 సెం.మీ. అనుకుందాం. గురుత్వ త్వరణంలో సగం త్వరణంతో గట్టిగా మలుపు తిప్పితే,

మారే బరువు = 1200 × 0.5 × 55 ÷ 145 = సుమారు 228 కి.గ్రా.

కారును 4 సెం.మీ. దించితే 55 స్థానంలో 51 వేయాలి. అప్పుడు మారే బరువు సుమారు 211 కి.గ్రా. తేడా 17 కి.గ్రా., అంటే 7 శాతం. ఈ కొద్దిపాటి లాభం కూడా అంత గట్టిగా మలుపు తిప్పినప్పుడే. జనంతో నిండిన ట్యాక్సీని అలా తిప్పే డ్రైవర్ ఉండడు, ఉండకూడదు.

3. స్ప్రింగు పోగొట్టుకునేది ఎంత?

హుక్ సూత్రం ప్రకారం బలం = స్ప్రింగు స్థిరాంకం × సంకోచం. ఆరు చుట్ల స్ప్రింగులో ఒక చుట్టు కోస్తే స్థిరాంకం 6/5 రెట్లు, అంటే 1.2 రెట్లు అవుతుంది. స్ప్రింగు 20 శాతం గట్టిపడింది కదా, మంచిదే కదా అనిపిస్తుంది. అక్కడే మోసపోతాం.

గుంతలో పడినప్పుడు చక్రం పైకి కదలడానికి ఉండే ఖాళీని స్ప్రింగు ప్రయాణం అందాం. అది మొదట 8 సెం.మీ. ఉంటే, 4 సెం.మీ. దించిన తర్వాత మిగిలేది 4 సెం.మీ. మాత్రమే. స్ప్రింగు దాచుకోగల శక్తి స్థిరాంకంలో సగాన్ని ప్రయాణం వర్గంతో గుణిస్తే వస్తుంది. ప్రయాణం సగమైతే వర్గం నాలుగో వంతు అవుతుంది. అంటే అదే దెబ్బను ఓర్చుకోవాలంటే స్థిరాంకం 4 రెట్లు కావాలి. మనకు వచ్చింది 1.2 రెట్లే. 1.2 ÷ 4 = 0.3. కోసిన స్ప్రింగు మునుపటి దెబ్బలో 30 శాతం మాత్రమే మోయగలదు. మిగిలిన దెబ్బ ముందు రబ్బరు స్టాపర్ మీద, తర్వాత బాడీ మీద, చివరికి కూర్చున్నవాళ్ల నడుము మీద పడుతుంది.

ఇంకా మూడు నష్టాలున్నాయి. ఒకటి, షాకబ్జర్ పాత స్ప్రింగుకు తగ్గట్టు తయారైంది. స్ప్రింగు గట్టిపడితే దాని డోలనాలను అది సరిగా అణచలేదు. రెండు, చక్రాల కోణాలు మారి టైర్లు ఒక పక్కే అరుగుతాయి. మూడు, మన చిన్న కార్ల ముందు భాగంలో కింద ఉండే లోయర్ ఆర్మ్ బయటివైపు పైకి తేలుతుంది. దీనివల్ల బాడీ ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ బిందువు గరిమనాభి కంటే ఎక్కువగా కిందికి పోతుంది. ఆ రెండింటి మధ్య దూరం పెరిగి, ఒరుగును పెంచే భ్రామకం కూడా పెరుగుతుంది. ఏ ఒరుగు తగ్గాలని దించామో దానికే బలం ఇచ్చినట్టవుతుంది.

4. స్పీడ్‌బ్రేకర్ లెక్క

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం గుండ్రటి స్పీడ్‌బ్రేకర్ ఎత్తు 10 సెం.మీ., వెడల్పు 3.7 మీటర్లు, వక్రత వ్యాసార్ధం 17 మీటర్లు. గంటకు 25 కి.మీ. వేగంతో దాటడానికి వీలుగా దాన్ని రూపొందించారు. ముందు వెనక చక్రాల మధ్య 2.4 మీటర్ల దూరం ఉన్న కారు దాని మీద నిలబడితే, రెండు చక్రాలూ వంపు మీదే ఉంటాయి. కారు నడుమ కిందికి వచ్చే ఉబ్బు = 2.4 × 2.4 ÷ (8 × 17) = సుమారు 4.2 సెం.మీ. మాత్రమే. చాలా కార్లు హాయిగా దాటిపోతాయి.

కానీ మన ఊళ్లలో ఇంటి ముందు పోసుకున్న స్పీడ్‌బ్రేకర్లు జానెడు, మూరెడు వెడల్పే ఉంటాయి. వాటిని దాటేటప్పుడు ముందు చక్రాలు అవతల, వెనక చక్రాలు ఇవతల ఉంటాయి. కనుక దాని ఎత్తంతా కారు కడుపు కిందికి వస్తుంది. చిన్న కారుకు ఖాళీగా ఉన్నప్పుడు నేల నుంచి 17 సెం.మీ. ఎత్తు ఉందనుకోండి. ఐదుగురు ఎక్కితే 5 సెం.మీ. దిగి 12 మిగులుతుంది. స్ప్రింగు కోస్తే 9 కూడా మిగలదు. అప్పుడు 10 సెం.మీ. ఎత్తున్న ఇరుకు స్పీడ్‌బ్రేకర్ కూడా తగులుతుంది. అన్న కారు ఛాంబర్ పగిలింది ఈ లెక్క వల్లనే.

5. మరి రేసు కార్లు?

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పందెం జరిగింది. జీన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఆ కార్లు నేలను రాసుకుంటున్నట్టే పరుగెత్తాయి. కానీ అవి తిరిగింది పందెం కోసం సిద్ధం చేసి, మామూలు బండ్లను ఆపేసిన 2.8 కి.మీ. బాట మీద. అంటే అక్కడ కారుకు తగ్గట్టు రోడ్డును తయారుచేశారు. మనం రోడ్డుకు తగ్గ కారును వాడుకోవాలి.

రేసు కారును దించడానికి గాలి కూడా ఒక కారణం. కారు కింద వేగంగా పోయే గాలి పీడనం తగ్గి కారును రోడ్డుకు అదుముతుంది. 1981లో ఫార్ములా వన్‌లో కారు కింద కనీసం 6 సెం.మీ. ఖాళీ ఉండాలని నియమం పెట్టారు. బ్రభమ్ జట్టు డిజైనర్ గోర్డన్ ముర్రే, ఆగినప్పుడు 6 సెం.మీ. ఎత్తులో ఉండి, వేగంలో గాలి ఒత్తిడికి కిందికి దిగే సస్పెన్షన్ తయారుచేసి ఆ నియమాన్ని దాటేశాడు. మన ట్యాక్సీ వేగానికి గాలి ఇచ్చే ఆ లాభం లెక్కలోకి రాదు.

దీనికి పూర్తి వ్యతిరేకమైన ఉదాహరణ 1948లో వచ్చిన ఫ్రెంచి కారు సిట్రోయెన్ టూ సీవీ. దున్నిన పొలంలో కోడిగుడ్ల బుట్టతో నడిపినా ఒక్క గుడ్డూ పగలకూడదని దాని ఇంజనీర్లకు షరతు పెట్టారు. అందుకే మెత్తటి స్ప్రింగులు, పొడవైన ప్రయాణం ఇచ్చారు. మన దారులకు దగ్గరి చుట్టం ఈ కారే.

6. చట్టం సంగతి

1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 వాహనంలో ఇష్టమొచ్చినట్టు మార్పులు చేయడాన్ని నిషేధిస్తుంది. కంపెనీ ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణ ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. ప్రమాదం జరిగితే బీమా డబ్బు దగ్గర కూడా చిక్కు వస్తుంది.

7. ముగింపు

కాబట్టి జవాబు ఇది. నున్నటి పందెం బాట మీద, తగిన స్ప్రింగులు, తగిన షాకబ్జర్లు కలిపి వేస్తే కారును దించడం లాభమే. బతుకుదెరువు కోసం ఊరి రోడ్ల మీద నడిపే కారుకు అది నష్టమే. వేగంగా పోయే ఖరీదైన కారైనా ఈ రోడ్ల మీదే నడవాలి కనుక దానికీ ఇదే జవాబు. మలుపుల్లో పట్టు కావాలంటే ముందు మంచి టైర్లు, సరైన గాలి, పనిచేసే షాకబ్జర్లు, చక్రాల అలైన్‌మెంట్ చూసుకోవాలి. వీటికి చట్టం అడ్డు రాదు, ఛాంబర్ పగలదు.

అన్న మళ్లీ కంపెనీ స్ప్రింగులే వేయించాడు. ఈ లెక్కలన్నీ ఒక కాగితం మీద వేసి అతనికి చూపించాను. అంతా విని, "ఇది అప్పుడే చెప్పకపోతివి తమ్మీ" అన్నాడు. ఆ మాట నాకు ఏ పరీక్షలో మార్కులు తగ్గినా కలగనంత బాధ కలిగించింది.

తమ్ముళ్లారా! రేపు మీ ఇంట్లో కూడా మీరే మొదట చదువుకున్నవాళ్లవుతారు. బోరు మోటారు గురించో, బ్యాంకు వడ్డీ గురించో, మందుల చీటీ గురించో మీ వాళ్లు మిమ్మల్నే అడుగుతారు. అప్పుడు "తెల్వదు" అని లేచిపోకండి. "రేపు చూసి చెప్త" అనండి. చూసి చెప్పండి.

అభ్యాసం: మీ ఊళ్లో ఒక స్పీడ్‌బ్రేకర్ ఎత్తు, వెడల్పు టేపుతో కొలవండి. ఐదుగురు ఎక్కిన కారు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలవండి. ఆ కారు దాన్ని తగలకుండా దాటుతుందా? లెక్క వేసి మీ సైన్సు సారుకు చూపించండి.