అన్నం మానడం కాదు, కొలవడం నేర్చుకుందాం

“డాక్టరు గారూ, అన్నం మానేసి నెల రోజులైంది. రెండు పూటలా చపాతీలే తింటున్నాను. అయినా షుగరు ఎందుకు తగ్గలేదు?” ఓ.పి.లో మేము తరచుగా వినే ప్రశ్న ఇది. అడిగేవారు నిజంగానే అన్నం మానేసి ఉంటారు. కాని ఒక కప్పు అన్నం స్థానంలోకి నాలుగైదు చపాతీలు వచ్చి ఉంటాయి. షుగరు ఉన్నవారికి ముఖ్యమైనది ఏ ధాన్యం తింటున్నారన్నది మాత్రమే కాదు, ఎంత తింటున్నారన్నది కూడా. ఈ నెల పాఠంలో ఆ సంగతి తెలుసుకుందాం.

చక్కెర ఎక్కడి నుండి వస్తుంది?

చాలామంది టీలో పంచదార మానితే చాలనుకుంటారు. అయితే అన్నం, ఇడ్లీ, ఉప్మా, చపాతీ, బంగాళాదుంప వీటిలోని పిండిపదార్థం కూడా కడుపులో అరిగి గ్లూకోజుగా మారి రక్తంలో చేరుతుంది. 100 గ్రాముల బియ్యంలో పిండిపదార్థం సుమారు 78 గ్రాములు. గోధుమపిండిలో, రాగులలో 65 నుండి 70 గ్రాములు. తేడా పెద్దది కాదు. ఒక కప్పు అన్నం, రెండు మామూలు సైజు చపాతీలు ఇంచుమించు సమానమే.

మరి రాగులు, జొన్నలు మంచివి కావా? మంచివే. రాగులలో పీచు తెల్ల బియ్యంలో కంటె బాగా ఎక్కువ. గట్టి జొన్నరొట్టె నిదానంగా అరుగుతుంది. కాని అదే రాగిపిండిని పలుచని జావగా కాచి రెండు గ్లాసులు తాగితే షుగరు త్వరగా పెరుగుతుంది. రాయలసీమలో చేసే సంకటిలో బియ్యం కూడా కలుస్తుంది. “రాగులే కదా” అని రెండు ముద్దలు ఎక్కువ తింటే లాభం పోతుంది. బెల్లం సంగతీ అంతే. పంచదారకు బదులు బెల్లం వేసుకున్నా షుగరు పెరుగుతుంది.

కంచం ఎలా సర్దుకోవాలి?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం మనకు అందే మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించకూడదు. మన ఇళ్లలో కంచం నిండా అన్నం, అంచున కొంచెం కూర ఉంటుంది. దీనిని మార్చుకోవాలి.

• కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు: బీరకాయ, సొరకాయ, బెండకాయ, పొట్లకాయ, తోటకూర, గోంగూర. నూనె తక్కువగా వాడాలి.
• పావు భాగం గట్టి పప్పు, శనగలు, అలసందలు, గుడ్డు, చేప లేక కోడిమాంసం.
• మిగిలిన పావు భాగమే అన్నం లేక రొట్టె.
• ముందు కూర, పప్పు కొంత తిని తరువాత అన్నం తింటే, భోజనం తరువాత షుగరు అంతగా పెరగదు.
• ఉదయం నాలుగు ఇడ్లీల కంటె ఒక పెసరట్టు మేలు. లేదా రెండు ఇడ్లీలు, గిన్నెడు కూరగాయల సాంబారు చాలు.

పండ్లు పూర్తిగా మానవలసిన పని లేదు. ఒక జామకాయ గాని నాలుగు బొప్పాయి ముక్కలు గాని తినవచ్చు. మామిడిపండు రెండు మూడు ముక్కలతో ఆపాలి, అదీ అన్నం తిన్న వెంటనే కాదు. పండ్ల రసాలు వద్దు.

ఇక టీ లెక్క చూడండి. రోజుకు నాలుగు టీలు, ఒక్కో దానిలో రెండు చెంచాల పంచదార అంటే ఎనిమిది చెంచాలు, అంటే సుమారు 40 గ్రాములు. నెలకు ఇది కిలో దాటుతుంది.

ఉపవాసాలు, విందులు

ఉపవాస ప్రార్థన రోజున మాత్ర వేసుకుని, లేక ఇన్సులిన్ చేయించుకుని భోజనం మానడం ప్రమాదం. షుగరు 70 కంటె తగ్గితే చెమటలు, వణుకు, గుండెదడ, తికమక కలుగుతాయి. స్పృహ కూడా తప్పవచ్చు. లక్షణాలు కనబడగానే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి. 15 నిమిషాల్లో తగ్గకపోతే మళ్లీ ఇవ్వండి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

ఉపవాసం ఉండదలచినవారు, అన్నం బాగా తగ్గించదలచినవారు ముందుగా డాక్టరుతో మాట్లాడండి. మందు మోతాదు మార్చవలసి రావచ్చు. మీ అంతట మీరు మందు ఆపవద్దు. కిడ్నీ జబ్బు ఉన్నవారు, గర్భిణీ స్త్రీలు పై పట్టికను పాటించే ముందు డాక్టరు సలహా తప్పక తీసుకోవాలి.

క్రిస్మస్‌కు, పెళ్లి విందులకు వెళ్లినప్పుడు బిర్యానీ, స్వీటు రెండూ ఒకే పూట వద్దు. వడ్డించేవారు “ఇంకొంచెం” అని బలవంతపెట్టకుండా ఉంటే అదే మర్యాద.

ఇంటివారికి ఒక మాట

ఒకరికి షుగరు వస్తే వారికి వేరే వంట చేయడం మన ఇళ్లలో అలవాటు. అలా చేస్తే ఆ నియమం ఎక్కువ రోజులు సాగదు. తల్లికి గాని తండ్రికి గాని షుగరు ఉంటే పిల్లలకూ వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి, పైన చెప్పిన కంచం ఇంటిల్లిపాదికీ మంచిదే.

ఈ వారం చేయవలసిన పని

1. ఇంట్లో ఒక కప్పు ఎంచుకుని, ప్రతి పూట అన్నాన్ని దానితోనే కొలవండి. ఎన్ని కప్పులో కాగితం మీద రాయండి.
2. రెండవ వారం నుండి పూటకు అర కప్పు తగ్గించి, అంతే కూర పెంచండి.
3. భోజనం తరువాత 10, 15 నిమిషాలు మెల్లగా నడవండి.
4. మూడు నెలలకు ఒకసారి హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించుకోండి. చాలామందికి అది 7 శాతం లోపు ఉండాలి.

డాక్టరు దగ్గరకు వచ్చేటప్పుడు మీరు రాసిన కాగితం కూడా తెండి. మందుల చీటీ ఎంత అవసరమో అదీ మాకు అంతే అవసరం.